వెనక కారులో ఎవరూ లేరు

బార్ట్‌లెట్, నెబ్రాస్కా
ఆగస్టు 18, 1997

మరిది లీలండ్‌కు,

నేను క్షేమం. నువ్వూ, నీ కుక్కా క్షేమమే అనుకుంటాను. ఇక్కడ మిడతలు పడి బీన్సు ఆకులకు ఈనెలు మాత్రం మిగిల్చాయి. టమాటాలు మాత్రం విరగకాశాయి. మీ అన్నయ్య ఉంటే ఉప్పు డబ్బా జేబులో వేసుకుని మడి దగ్గరే నిలబడి తినేవాడు. ఇప్పుడు నేను ఆదివారం చర్చి ముందు అద్దాలు దించి ఉన్న కార్లు చూసుకుని, ఒక్కోదాన్లో ఒక్కో సంచి పెట్టి వస్తున్నాను. పోయిన వారం అందరూ అద్దాలు ఎక్కించుకునే దిగారు.

అసలు సంగతికి వస్తాను. ఏప్రిల్‌లో మీ అన్నయ్య పోయినప్పటినుంచీ ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "మోటార్‌హోమ్ ఎప్పుడు అమ్మేస్తున్నావ్, వెల్డా?" అమ్ముతావా అని కాదు, ఎప్పుడు అని. గ్రాండ్ ఐలండ్ నుంచి ఒకాయన వచ్చి, చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళాడు. టెక్సాస్‌లో మేం ఏటా చలికాలం ఆ ఇంటిబండి నిలుపుకుని అందులోనే ఉండే మిషన్ ఊరి పార్కు యజమానురాలు కూడా ఉత్తరం రాసింది. మా చోటు మాకే ఉంచాలా, ఇంకెవరికైనా ఇచ్చేయాలా అక్టోబరు నెలాఖరులోగా చెప్పమంది.

నేను వెళ్దామనుకుంటున్నాను. ఈ ఒక్క చలికాలం ఒంటరిగా వెళ్ళి చూస్తాను. వెళ్ళగలిగితే ఆ బతుకు ఇంకా నాదే. లేకపోతే గ్రాండ్ ఐలండ్ ఆయన నంబరు ఫ్రిజ్ మీద అంటించే ఉంది.

బండి నడపడం నాకు కొత్త కాదని నీకు తెలుసు. పదేళ్ళ వయసులో, కాళ్ళు అందక నిలబడి, మా నాన్న గడ్డి లారీ నడిపినదాన్ని. కానీ బళ్ళు రెండు, మనిషిని ఒక్కదాన్ని. ఇన్నేళ్ళూ మీ అన్నయ్య ముందు మోటార్‌హోమ్‌లో, నేను వెనక చిన్న కారులో. ఆ మోటార్‌హోమ్ వెనకున్న స్పేర్ టైరు తొడుగు మీద బాతుల బొమ్మ చూస్తూ టెక్సాస్ దాకా పోయేదాన్ని. మాట్లాడుకుంటే దారిలో లారీవాళ్ళంతా వినే సీబీ రేడియోలోనే. అదైనా ఏముంది? వంద మైళ్ళకోసారి, "వెల్డా, మరీ దగ్గరగా వస్తున్నావ్, కాస్త వెనక్కి తగ్గు." అంతే. కట్టుకున్న పెళ్ళాంతో మాట్లాడే మాటేనా అది!

కారు లేకపోతే అక్కడ జరగదు. పాల సీసా కోసం మోటార్‌హోమ్ వేసుకుని ఊళ్ళోకి వెళ్ళలేం కదా. కాబట్టి కారును దాని నాలుగు చక్రాల మీదే వెనక కట్టి లాక్కెళ్ళాలి. పార్కులో సగంమంది అలాగే వస్తారు. మీ అన్నయ్య మాత్రం ఒక ఇనుప కడ్డీని నమ్మి కారు వదలనన్నాడు. నువ్వు ఇనుముతో పనిచేసినవాడివి. ఏమేం కావాలో, ఎలా కట్టాలో రాయి. వెళ్ళాలా వద్దా అని మాత్రం రాయకు. ఆ సలహాలు ఇక్కడ టమాటాలకంటే ఎక్కువ కాశాయి.

మీ వదిన
వెల్డా


ప్రాట్, కాన్సస్
ఆగస్టు 27

వదినకు,

కుక్క క్షేమం. దాని తర్వాత నేను. వాన వస్తుందని మోకాలు అంటోంది, రాదని ఆకాశం అంటోంది. ఇద్దరిలో ఎక్కువ అబద్ధాలాడింది మోకాలే.

సలహా వద్దన్నావు కాబట్టి ఇనుము సంగతే రాస్తాను. నీ సాటర్న్ కారు చేత్తో గేర్లు మార్చేది కావడం అదృష్టం. న్యూట్రల్‌లో పెట్టి, స్టీరింగ్ తాళం విడిపోయేంతవరకు చెవి తిప్పి వదిలేస్తే దాని మానాన అది దొర్లుకుంటూ వస్తుంది. అన్ని కార్లూ అలా రావు, కొన్నింటికి గేరుపెట్టె మాడిపోతుంది. స్టీరింగ్ తాళం పడిందంటే మాత్రం మలుపుల్లో ముందు చక్రాలు తిరగవు, ఈడ్చుకుపోతాయి. రెండు ఊళ్ళు దాటేసరికి టైర్లు మిగలవు.

కారు ముందుభాగంలో ఇనుప బ్రాకెట్టు వేయించాలి. చట్రానికి వేయించు వదినా, బంపరుకు కాదు. బంపరుకు వేస్తే బంపరొక్కటే టెక్సాస్ చేరుతుంది. బ్రాకెట్టుకూ మోటార్‌హోమ్ కొక్కేనికీ మధ్య కడ్డీ నేలకు సమంగా ఉండాలి. మోటార్‌హోమ్ కొక్కెం ఎత్తుగా ఉంటుంది కాబట్టి కిందికి దించే ముక్క ఒకటి దొరుకుతుంది, అది వేయించు. గొలుసులు రెండూ కడ్డీ కింద కత్తెరలా దాటించి తగిలించు. ఖర్మకాలి కడ్డీ ఊడినా ఆ గొలుసుల ఒళ్ళో పడుతుంది. వెనక కారుకు తన బ్రేకు ఉండదు, దాని బరువు కూడా నువ్వే ఆపాలి, అందుకని ఆగాల్సిన చోటుకు చాలా ముందే ఆగడం మొదలుపెట్టు. తర్వాత లైట్లు. ముందు బండి నుంచి వైరు లాగిస్తే, నువ్వు బ్రేకు తొక్కినప్పుడు కారు లైట్లు వెలగాలి. వెలుగుతున్నాయో లేదో బయలుదేరే ముందు ప్రతిసారీ ఎవరో ఒకరు వెనక నిలబడి చూసి చెప్పాలి. ఇందులో ఒక్కరే చేసుకోలేని పని అదొక్కటే.

అన్నిటికంటే ముఖ్యం, కారు కట్టి ఉండగా ఒక్క అడుగు కూడా వెనక్కి పోకు. ముందు చక్రాలు అడ్డం తిరిగి కడ్డీ వంకరపోతుంది. బయటికొచ్చే దారి కనపడ్డాకే ఎక్కడికైనా లోపలికెళ్ళు.

ఇంత అవస్థ ఎందుకని నా మాట. గోధుమ విత్తడం అయ్యాక నాకిక్కడ పనేముంది? ముందు బండి నువ్వు నడుపు. వెనక కారు నేను తెస్తాను, తిరిగి బస్సులో వచ్చేస్తాను. ఆలోచించు.

కాదు, కట్టే తీసుకెళ్తానంటే కడ్డీ కొనకు. అన్నయ్య కొన్నది నా షెడ్డులో పెట్టెలో అలాగే ఉంది కదా. ఎలుకలేమైనా చేశాయేమోనని మొన్న తెరిచి చూశాను. తుప్పు కూడా పట్టలేదు.

లీలండ్


బార్ట్‌లెట్
సెప్టెంబరు 4

లీలండ్‌కు,

ఏ కడ్డీ?

మీ అన్నయ్య కడ్డీ ఎప్పుడు కొన్నాడు? కొన్నవాడు నీ షెడ్డులో ఎందుకు పెట్టాడు? ఇనుప కడ్డీని నమ్మనని నాతో అన్న మాట నేను కలగన్నదేమీ కాదు. మా వంటింట్లో, ఇదే బల్ల దగ్గర, నా మొహం చూడకుండా అన్నాడు. వివరంగా రాయి. మోకాలి సంగతులు తర్వాత.

వెనక కారు నడపడానికి నాకు మనిషి అక్కర్లేదు. ఆ పని ఎలాంటిదో నాకు తెలుసు.

వెల్డా


ప్రాట్
సెప్టెంబరు 12

వదినకు,

నీకు తెలుసనుకున్నాను. తెలియదంటే ఇందులో దాచాల్సిందేముందో కూడా నాకు తెలియడం లేదు. జరిగింది రాస్తాను.

మీరు మోటార్‌హోమ్ కొన్న మొదటి ఏడాది కారు లేకుండా, ఇద్దరూ దాన్లోనే టెక్సాస్ వెళ్ళొచ్చారు, గుర్తుంది కదా. మరుసటేడు అప్పటి కారు కొన్నారు. ఆ ఎండాకాలం అన్నయ్య విచిటాలో ఈ కడ్డీ కొని నేరుగా నా దగ్గరకొచ్చాడు. బ్రాకెట్టు నన్ను చేసి పెట్టమన్నాడు. ఇద్దరం కారు కింద పడుకుని కొలతలు తీశాం. మధ్యాహ్నం తిండికి లేచాం. తింటూ తింటూ ఆగిపోయి, "వద్దురా లీలండ్" అన్నాడు.

ఏమైందన్నాను. "పోయినేడు దారి పొడుగునా చూశాగా. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ కింద బ్రేకున్నట్టు నేలని తొక్కుతూనే ఉంది. చిన్నప్పట్నుంచీ లారీలు నడిపిన మనిషి. చేతులు ఒళ్ళో పెట్టుకుని మ్యాపు పట్టుకోమంటే ఎట్టా ఉంటుంది? కారు కట్టేస్తే దాని చేతిలో బండే లేకుండా పోద్ది. దాని స్టీరింగ్ దాన్ని తిప్పుకోనీ" అన్నాడు.

పెట్టె మూసేశాం. అదీ కథ. నీ మీద అంత గౌరవం ఉన్నవాడని తెలిస్తే నీకు సంతోషమే కదా అనుకుంటూ రాస్తున్నాను.

కడ్డీ పార్సిల్లో పంపాను. బరువు చూసి పోస్టాఫీసు అమ్మాయి నన్ను శపించింది. నేను వెనక రావడం ఇష్టం లేదన్నావు, రానులే. నా కళ్ళు మసకేశాయని నీకెవరో చెప్పి ఉంటారు. నా లైసెన్సు ఇంకా నా జేబులోనే ఉందని మాత్రం వాళ్ళకి చెప్పు.

లీలండ్


బార్ట్‌లెట్
సెప్టెంబరు 29

లీలండ్‌కు,

కడ్డీ చేరింది. వారం రోజులు గరాజులో అలాగే పడి ఉంది. నేను దాటుకుని తిరిగాను.

సంతోషమే కదా అని రాశావు. కాదు. ఒళ్ళు మండిపోయింది. నీ మీద కాదు, మీ అన్నయ్య మీద. బతికుంటే వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కడిగేసేదాన్ని. చచ్చిపోయినవాడితో దెబ్బలాట ఎలా పెట్టుకోను?

విను. ఆ మొదటి ఏడాది పక్క సీట్లో కూర్చోవడం నాకు ఎంత బాగుందో తెలుసా? కాఫీ పోసి ఇచ్చాను. మ్యాపు తప్పు చదివి ఒక్లహామాలో గంట తిప్పాను. ఆయన నవ్వాడు. నేలను తొక్కానంటే, అది కాలికి అలవాటు, మనసుకు కాదు. మరుసటేడు ఆయన కడ్డీని నమ్మనన్నప్పుడు నేనేమనుకున్నానంటే, ఈ మనిషికి ముందు ఒంటరిగా, నిశ్శబ్దంగా, తన లోకంలో తను వెళ్ళాలని ఉంది, నా వాగుడు పడటం లేదు, మర్యాదగా చెప్పలేక కడ్డీ మీద పెడుతున్నాడు అని. సరే, నేను వెనక తెస్తాలే అన్నాను. ఆయన నా మొహం చూడలేదు, నేనూ ఆయన మొహం చూడలేదు. అంతే. ఆ తర్వాత పది చలికాలాలు, నేను వెనక, ఆయన ముందు. నేను స్టీరింగ్ మీద శాండ్‌విచ్ పెట్టుకుని ఒక్కదాన్నే తిన్నాను, ఆయనా అలాగే తిని ఉంటాడు. ఎన్ని పెట్రోలు బంకుల్లో పక్కపక్కన నిలబడ్డాం! నీకెలా ఇష్టం అని ఒక్కసారి నోరు తెరిచి అడిగితే పోయేది. నేనూ అడగలేదు కాబట్టి ఆయన్ని పూర్తిగా తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

వెనక కారులో మనిషి వద్దన్నది నీ కళ్ళ గురించి కాదు. ఆ మాట అంటే నీకు ఇంకోలా తగిలిందేమో, నాకు ఇప్పుడు ఓపిక లేదు.

గ్రాండ్ ఐలండ్ ఆయనకు ఫోన్ చేశాను. రెండో శనివారం భార్యను తీసుకుని వస్తానన్నాడు. మిషన్ పార్కుకు కూడా రాసేస్తాను. చలి మొదలైంది. పిట్టలు వెళ్ళిపోతున్నాయి.

వెల్డా


ప్రాట్
అక్టోబరు 3

వదినా,

నీ ఉత్తరం చూసి ట్రాక్టరు పొలంలోనే వదిలేసి వచ్చి రాస్తున్నాను, కాబట్టి అక్షరాలు చూడకు.

వెళ్ళాలా వద్దా అని రాయొద్దన్నావు. రాయను. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, అన్నయ్య మీద కోపం బండి మీద చూపించకు. అమ్మాలనిపిస్తే కోపం చల్లారాక అమ్ము. గ్రాండ్ ఐలండ్ ఆయన ఎక్కడికీ పోడు, టైర్లు తన్నేవాళ్ళు ఏ కాలంలోనైనా దొరుకుతారు.

అన్నయ్య మనసులో ఏముందో నాకు మాత్రం పూర్తిగా తెలుసా? చిన్నప్పుడు మా అమ్మ పెట్టిన ఆఖరి ముక్క నాకిష్టమని వాడు వదిలేసేవాడు, వాడికిష్టమని నేను వదిలేసేవాణ్ణి, కోళ్ళు తినేవి. మా ఇంటి తీరే అంత.

కళ్ళ సంగతి వదిలేశాను. నిజంగానే కాస్త మసకేశాయి.

ఒకవేళ బయలుదేరితే నా ఇల్లు నీ దారిలోనే ఉంది. 281 రోడ్డు దిగే పనే లేదు. మాంసం, బీన్సు వేసి చిల్లీ వండి, దాంట్లోకి దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె చుట్టలు చేసి ఉంచుతాను. అన్నయ్యకు అవి రెండూ కలిపి తినడం ఎంత ఇష్టమో నీకు తెలుసు.

లీలండ్


బార్ట్‌లెట్
అక్టోబరు 19

మరిదికి,

మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు. మంచివాళ్ళే. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగ్ తడుముతుంటే, ఆవిడ పక్క సీట్లో ఉన్న సామాన్లు జరిపి ఎక్కి, "ఇక్కణ్ణుంచి ఎంత బాగా కనిపిస్తుందో!" అని చిన్నపిల్లలా కాళ్ళూపింది. నేను కిందే నిలబడి చూశాను. ఆయన దిగొచ్చి గరాజులో కడ్డీ చూసి, "ఇదీ బండితో పాటే ఇస్తారా?" అన్నాడు.

"అది నాది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నాకు ఒక నిమిషం తర్వాత తెలిసింది. ఆ తర్వాత బండి కూడా నాదేనని చెప్పాల్సి వచ్చింది. పాపం, నిమ్మకాయ కేకు కూడా చేశాను, దాన్ని తినేసి వెళ్ళారు.

ఎరిక్సన్‌లో వెల్డింగ్ షాపాయన బ్రాకెట్టు వేశాడు. చట్రానికే, బంపరుకు కాదు, పక్కనే నిలబడి చూశాను. దించే ముక్క, గొలుసులు, వైరు, అన్నీ అయ్యాయి. ఆయనే ఒక మాటన్నాడు. డాష్‌బోర్డు మీద చిన్న నలుపు తెలుపు టీవీ ఉంది కదా, రివర్స్ చేసేటప్పుడు వెనక కనపడాలని మీ అన్నయ్య పెట్టించుకున్నది. "మీ కెమెరా రివర్స్ గేరుకి కలపలేదమ్మా. ఎప్పుడూ వెలుగుతానే ఉండేట్టు కలిపారు. మామూలుగా ఎవరూ ఇట్టా కలపరు. మార్చమంటారా?" అన్నాడు. ఉండనీ, పోయినాయన చేసిన వైరింగ్‌లో వేలు పెట్టొద్దన్నాను.

సంత మైదానంలో ఒక సాయంత్రం ప్రాక్టీసు చేశాను. మొదటి చుట్టులోనే పొగ. కారు హ్యాండ్ బ్రేకు తీయడం మర్చిపోయాను. కాలిన వాసనకు ఊళ్ళో కుక్కలన్నీ వచ్చాయి. ఇప్పుడు "హ్యాండ్ బ్రేకు" అని కాగితం మీద రాసి మోటార్‌హోమ్ స్టీరింగ్‌కు అంటించాను. లైట్లు చూడటానికి పోస్టుమాస్టరమ్మ వెనక నిలబడి, "కుడి! ఎడమ! బ్రేకు!" అని ఊరంతా వినపడేలా అరిచింది.

ఇరవై ఆరున ఉదయం బయలుదేరుతున్నాను. మధ్యాహ్నం దాటాక మీ ఇంటి ముందు నుంచి వెళ్తాను. పోస్టు డబ్బా దగ్గర నిలబడి ఉండు, హారన్ కొడతాను.

మీ వదిన
వెల్డా


ప్రాట్, కాన్సస్
అక్టోబరు 30

గౌరవనీయులైన వదిన గారికి,

తమరు మిషన్ క్షేమంగా చేరారని తలుస్తాను. చిరునామా పార్కుదే రాశాను.

ఇరవై ఆరున నేను పోస్టు డబ్బా దగ్గర నిలబడ్డాను. తమరు హారన్ కొట్టారు. రెండుసార్లు కొట్టారు. బండి ఆపలేదు, వేగం కూడా తగ్గించలేదు. ఆపుతారని అనుకోవడం నా పొరపాటు. వెనక రానివ్వనివాళ్ళు ఇంట్లోకి మాత్రం ఎందుకొస్తారు? కడ్డీ సంగతి బయటపెట్టినందుకు నా మీద కోపం పోలేదని అర్థమైంది.

చిల్లీ ఇంకా తింటూనే ఉన్నాను. కుక్క కూడా తింటోంది.

ఇట్లు,
లీలండ్


మిషన్, టెక్సాస్
నవంబరు 9

ఏమయ్యా మరిదీ,

ఇన్నేళ్ళలో నన్ను "తమరు" అన్నది రెండేసార్లు. మా పెళ్ళిలో ఒకసారి, ఇప్పుడొకసారి. పెళ్ళిలో అంటే భయపడి అన్నావు. ఇప్పుడు అలిగి అన్నావు. ఆ గౌరవనీయులైన వదిన గారు ఎవరోగానీ నాకు పరిచయం లేదు.

నీ ఇంటి దారి ఒకసారి గుర్తు చేసుకో. రోడ్డు మీంచి సన్నగా లోపలికెళ్ళి పశువుల గేటు దగ్గర ఆగిపోతుంది. రెండువైపులా కాలువ. గ్యాసు తెచ్చేవాడు కూడా బండిని వెనక్కి నడుపుకుంటూనే బయటికొస్తాడు. కారు కట్టి ఉండగా ఒక్క అడుగు వెనక్కి పోకని రాసిందెవరు? బయటికొచ్చే దారి కనపడ్డాకే లోపలికెళ్ళమన్నదెవరు? నీ మాట విన్నందుకే నీకు కోపం వచ్చింది. నేను హారన్ కొడతానని రాశాను, ఆగుతానని రాయలేదు. రాయాల్సింది. మనవాళ్ళంతా అంతే, సగం రాసి సగం ఎదుటివాళ్ళే తెలుసుకుంటారని వదిలేస్తాం.

పోనీ రోడ్డు వారన ఆపుదామా అంటే వెనక జొన్న లారీ మీదికి ఎక్కేలా వస్తోంది. పడమటి గాలి. మొదటి రోజు. చేతులు స్టీరింగ్‌కు అతుక్కుపోయి ఉన్నాయి. ఆగితే మళ్ళీ బయలుదేరనేమోనని భయం వేసింది, నిజం చెప్తున్నాను. నిన్ను చూశాను. కొత్త టోపీ పెట్టుకున్నావు. కుక్కకు తాడు కట్టి పట్టుకున్నావు. నువ్వు చెయ్యి ఎత్తావు, దించడం మాత్రం చూడలేకపోయాను. మెడిసిన్ లాడ్జ్‌లో ముందు నుంచి వచ్చి ముందుకే వెళ్ళిపోయే చోటు దొరికింది. అక్కడ ఆపి, బాగా ఏడ్చాను. నీకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. షెడ్డులో అలిగి కూర్చుని ఉంటావు.

ఇప్పుడు రాయబోయేది నీకు కాక ఇంకెవరికి రాయను?

రెండో రోజు టెక్సాస్‌లోకి వచ్చాక రోడ్డు తిన్నగా ఉంది, గాలి తగ్గింది, చేతులు కాస్త వదులయ్యాయి. డాష్‌బోర్డు మీద ఆ చిన్న టీవీ వెలుగుతోంది. మొదటి రోజు దాని వైపు చూసే ధైర్యమే లేదు. ఇప్పుడు చూశాను. అందులో నా కారు, నా ముక్కుకు ఆనుకునేంత దగ్గరలో. ఏమనుకున్నానో ఏమో, చెయ్యి దానంతటదే సీబీ మైకు మీదికి వెళ్ళింది.

"వెల్డా, మరీ దగ్గరగా వస్తున్నావ్, కాస్త వెనక్కి తగ్గు" అన్నాను.

అచ్చం ఆయన గొంతుతో అన్నాను, లీలండ్. నా పేరు నేనే పిలుచుకున్నాను.

వెంటనే రేడియోలో ఎవరో లారీ ఆయన, "అమ్మా, మోటార్‌హోమ్ అమ్మా! ఎవరితో మాట్లాడుతున్నావ్? నీ వెనక కారులో ఎవరూ లేరు. డ్రైవరే లేడు!" అన్నాడు.

"తెలుసు బాబూ. ఆవిడ ఇప్పుడు ముందు బండి నడుపుతోంది" అన్నాను.

 గరగరలోంచి ఆయన నవ్వి, "అయితే ఆవిడకి చెప్పమ్మా, లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయని" అన్నాడు. నాకు లైట్లు ఎవరు చూసి పెడతారా అని అంత బెంగపడ్డానా, రోడ్డు మీద పోయేవాడే చూసి చెప్పాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ టీవీని ఎప్పుడూ వెలుగుతూనే ఉండేలా ఎందుకు కలిపించాడో. మరీ దగ్గరగా వస్తున్నావ్ అనాలంటే, నేనెంత దగ్గరగా ఉన్నానో చూస్తూ ఉండాలి కదా. వంద మైళ్ళకోసారి అన్నాడంటే, ఆ వంద మైళ్ళూ చూశాడు. ఆ మాటను నేను పదేళ్ళు ఫిర్యాదు అనుకున్నాను. ముందు ఒంటరిగా వెళ్ళాలని ఉన్న మనిషి వెనక కారును టీవీలో పెట్టుకుని వెళ్తాడా? పిచ్చి మనిషి! నేను ఇక్కడ బాతులను చూస్తూ, ఆయన అక్కడ నన్ను చూస్తూ, ఇద్దరం ఒకే దారిలో, ఒక్క సీటు ఖాళీగా పెట్టుకుని తిరిగాం. కోపం ఇంకా ఉంది. ప్రేమ కూడా ఉంది. రెండూ ఒకే బండిలో వస్తున్నాయి, ఏంచేస్తాం.

చోటు దొరికింది. మా చోటు పక్కనున్న పంపరపనస చెట్టు విరగకాసింది, నారింజలకంటే పెద్దవి, పుల్లగా. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కడ్డీ విప్పడానికి సాయం వచ్చారు, నేనే విప్పి చూపించాను. చలికాలం ఉంటాను. మార్చి నెలాఖరుకు వెనక్కి బయలుదేరతాను. వచ్చే ఏడూ వస్తాను. గ్రాండ్ ఐలండ్ నంబరు ఫ్రిజ్ మీంచి తీసేసి వచ్చాను, అది నీకు చెప్పలేదనుకుంటా.

ఇక నీ సంగతి. వెనక కారు తెస్తానని నువ్వు రాసినప్పుడు, ఒక మనిషిని పట్టుకుని మళ్ళీ ఆ సీట్లో, ఆ బాతుల వెనక కూర్చోబెట్టడం నాకు చేతకాలేదు. అందుకే వద్దన్నాను. నువ్వు వద్దని కాదు.

పక్క సీటు మీద ఇన్నేళ్ళూ మ్యాపుల డబ్బా, పనిముట్ల సంచి, మీ అన్నయ్య పాత కోటు ఉండేవి. మొన్న అన్నీ తీసి కింద పెట్టాను. సీటు తుడిచాను. అక్కణ్ణుంచి నిజంగానే బాగా కనిపిస్తుంది.

మార్చిలో బస్సెక్కి రా. తిరుగు దారిలో మ్యాపు నువ్వు చదువు, కళ్ళు మసకేసినా పరవాలేదు, 281 రోడ్డు తప్పిపోయేది కాదు. నేలను బ్రేకులా తొక్కితే తొక్కుకో, నేనేమీ అనుకోను. కుక్కను కూడా తీసుకురా, బస్సువాడు ఒప్పుకుంటే. మీ ఇంటి దగ్గర మాత్రం రోడ్డు మీదే ఆపి, కారు విప్పి, చిల్లీ తిని వెళ్తాను.

మన ఇంట్లో ఇలాంటివి ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను. వెనక రావద్దు లీలండ్, వచ్చి పక్కన కూర్చుంటావా?

ఇష్టమైతే అవునని రాయి. ఇష్టం లేకపోతే లేదని రాయి. నాకేది ఇష్టమో ఊహించి మాత్రం రాయకు.

మీ వదిన
వెల్డా